పట్టు అంచు

చౌటుప్పల్ దాటినంక, పెద్దరోడ్డు దిగి
మందుల కంపెనీ గోడ పొంటి పోతే
నీలం రేకుల షెడ్డు మాది.
బస్సుల నెత్తికప్పులు, నుదురులు
ఆడనే ఒంపు తిరుగుతయి.

మొదటి దినం జాంగీర్ మామ
రేకు ముక్కొకటి నా చేతుల పెట్టి
ఒంచుమన్నడు. ఒంచిన.
ఇడువుమన్నడు. ఇడిచిన.
చప్పున లేచి మల్ల తిన్నగ పన్నది,
ఏం కానట్టే.

"సూసినవా," అన్నడు.
"ఉత్తగ ఒంచితే పైపొర సాగుతది,
లోపొర ముడుసుకుంటది.
రెండిటికి పంచాయితి.
చెయ్యి తీసిన గడియల ఎన్కకే.
గుంజి ఒంచు.
రెండు పొరలు ఒక్క దిక్కే సాగుతయి,
ఇగ మర్లదు."

అటొక దవడ, ఇటొక దవడ.
వరుస పండ్ల నడుమ అంచులు పెట్టి బిగిస్తం.
పంపు నూనె మింగి మూలుగుతది.
గేజి ముల్లు పాకుతది.
నడుమ అచ్చు కింది నుంచి మెల్లగ లేస్తది,
చెద్దరు కింద ఎవలో మోకాలు లేపినట్టు.
ఆ నిమిషం ఎవ్వరం మాట్లాడం.

చాలనిపించినంక ఇంకింత గుంజాలె.
ఆ ఇంకింత ఎంతో
గోడకు అతికిచ్చిన కాయితం మీదుంటది.
మామ కాయితం సూడడు, చెవి పెడతడు.
తక్కువైతే రేకు తన తిన్నదనాన్ని యాది చేసుకుంటది.
ఎక్కువైతే బత్తాయి తొక్కోలె పైన గరుకు లేస్తది.
అంతకు మించితే

మొన్న ఆషాఢంల ఒకటి పగిలింది.
షెడ్డు లోపల పిడుగు.
చాయ్ తెచ్చిన పిలగాడు గ్లాసులు ఇడిచిపెట్టి ఉరికిండు.
మామ కింద కూసొని
చీలిక పొంటి వేలు నడిపిచ్చి
"దీని తప్పు లేదు,
నేనే అడ్డం పెట్టిన" అన్నడు.

రేకుకు గూడ పడుగుంటదని ఆనాడు తెలిసింది.
రోలర్ల నడుమ ఏ దిక్కు సాగి వచ్చిందో
ఆ గీతలు, ఎలుగుకు ఏటవాలుగ పడితే
సన్నగ కనబడతయి.
నాకు నవ్వొచ్చింది.
ఇది మా ఇంటి సంగతే.

పుట్టపాకల, ఎండ ఎక్కకముందు,
వాడకట్టు పొడుగున పడుగు సాగదీస్తరు.
ఆ కొసకు చిన్నమ్మ, ఈ కొసకు మా అమ్మ బాలనర్సమ్మ.
నడుమ గంజి వాసన, నడుమ కోడిపిల్లలు,
నడుమ బండి ఆపి తిట్టుకునే పాలాయన.
"వదులియ్యకు. తెగేటట్టు గుంజకు."
నాకు పదేండ్లున్నప్పుడు అమ్మ చెప్పిన మాట.
రెండేండ్ల ఐటీఐల
ఇంతకు మించి ఎవ్వరు చెప్పలే.

ఒంపు తిరిగిన రేకును దించినంక
పండ్లు పట్టిన అంచులు కోసేస్తరు.
గుంజుడంత ఓర్చుకున్నయి అవే.
బస్సుకు పోనియి అవే.
కిలోల లెక్క, తుక్కు డబ్బాల.

మగ్గం మీద గూడ
అచ్చు ఆవల మిగిలే మూరెడు నూలు
ఎన్నడు చీరె కాదు.
చీరెంత దాన్ని పట్టుకునే నేసుకుంటం.

సాయంత్రం షిఫ్టు దిగి రోడ్డు దాటుతుంటె
హైదరాబాదు పోయే బస్సుల నుదురులు సూస్త.
ఏది మనదో ఏది కాదో తెల్వదు.
రంగేసినంక ఎవ్వరికి తెల్వదు.
అయినా సూస్త.

కోసిన అంచు ముక్కొకటి
మామను అడిగి ఇంటికి తెచ్చిన.
అమ్మ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి,
గాట్ల మీద బొటనవేలు పెట్టి
"ఎవలు కొరికిండ్రే దీన్ని?" అన్నది.
మిషన్, అన్న.
"గట్టిగనే పట్టింది"
అని, దాన్ని రెండు మడతలు పెట్టవోయింది.
మడత పడలే.
అట్లనే చరఖా కాలు కింద ఎత్తుకు పెట్టి
కండె చుట్ట కూసున్నది.

ఏడాది నుంచి ఊగే చరఖా.
ఇప్పుడు ఊగుతలేదు.